మండే ఎండకీ మసక చర్చికీ ఒకే ఫిల్ము

మా సలోమి పిన్ని ఫోన్ చేసి "పెళ్లి చేసుకుంటున్నానే సునీ" అన్నప్పుడు నేను కాలేజీ లైబ్రరీలో, "నిశ్శబ్దం పాటించండి" అన్న బోర్డు కిందే ఉన్నాను. అక్కడే కేక పెట్టాను. చదువుకుంటున్న పిల్లలందరూ తలలెత్తి చూశారు. తెనాలిలో ఆ కాలేజీకి లైబ్రేరియన్ని నేనే కాబట్టి, నన్ను బయటికి పంపేవాళ్లు లేకపోయారు.

పిన్నికి యాభై ఆరేళ్లు. మా అమ్మకి ఆఖరి చెల్లెలు. నర్సింగు చదివి హైదరాబాదు వెళ్లింది, అక్కడే ఉండిపోయింది. ఎవరైనా పెళ్లి మాట ఎత్తితే "డ్యూటీకి టైమైంది" అని లేచి వెళ్లిపోయే మనిషి. అలాంటి పిన్నిని "ఎవరు ఆయన?" అని అడిగితే, "షేర్ ఆటోలో ఎదురు సీటు" అని చెప్పి పదహారేళ్ల పిల్లలా నవ్వింది.

ఆ వెంటనే ఒక షరతు పెట్టింది. "ఫోటోగ్రాఫర్ వద్దు, ఫోన్లు వద్దు. నీ జేబు కెమెరా ఉందిగా, దాంతో నువ్వే తియ్యి. ఫోన్లో తీస్తే ఇక్కడ ఉంగరం వేలికెక్కే లోపు అక్కడ మన చుట్టాల గ్రూపులో ఈ వయసులో దీనికి పెళ్లేమిటని మొదలెడతారు. నా పెళ్లి ఫోటోలు ముందు నేను చూసుకోవాలి."

నా జేబు కెమెరా అంటే ఫిల్ము కెమెరా. మా ఊళ్లో ఒక స్టూడియో మూసేస్తుంటే ముచ్చటపడి కొనుక్కున్నాను. కళ్లజోడు డబ్బా అంత ఉంటుంది. ఫ్లాష్ లేదు. ఎదుటి మనిషి ఎంత దూరంలో ఉన్నాడో మనమే అంచనా వేసి తిప్పుకోవాలి. దాంతో మా పిల్లలనీ, పెరట్లో మందారాలనీ, మా ఆయన కునికిపాట్లనీ తీశాను తప్ప పెళ్లి తీయలేదు. అయినా "సరే పిన్నీ" అనేశాను. పిల్లలనీ వాళ్ల పరీక్షలనీ మా ఆయనకి అప్పజెప్పి, రైలెక్కేశాను.

లింగంపల్లిలో దిగగానే

స్టేషను బయట ముగ్గురు నా కోసం నిలబడి ఉన్నారు. పిన్ని, ఆమె పక్కన పొడుగ్గా ఒకాయన, వాళ్ల వెనక పసుపు ఆటోకి ఆనుకుని ఇంకొకాయన. పొడుగాయన పెళ్లికొడుకు దేవదానం గారు. మెదక్ వైపు మనిషి. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు, భార్య పోయి చాలా ఏళ్లైంది. ఆటోకి ఆనుకున్నాయన సలీం భాయి. ఈయన ఆటోలోనే పిన్ని రోజూ డ్యూటీకి నానక్‌రామ్‌గూడ వెళ్లేది. దేవదానం గారు ట్యూషన్లు చెప్పడానికి అదే వేళకి అదే ఆటో ఎక్కేవారు.

"ఆమె రాకుంటే ఈ సార్ ఆటో ఎక్కకపోతుండె మేడమ్," అన్నాడు సలీం భాయి. "జర ఆగు సలీం, జర ఆగు అనుడే. ఎనక పాసింజర్లు నన్ను తిట్టుడు. పెండ్లి జేసుకోండి సార్, నా ధంధా బతుకుతదని నేనే చెప్పిన."

దేవదానం గారు మాట మార్చేశారు. "కెమెరా ఏది బిడ్డా?"

సంచిలోంచి తీసి చూపించాను. ఆయన అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పారు. "గింత చిన్నదా! గిండ్ల మేమిద్దరం పడ్తమా?"

టిఫిన్ అక్కడే బండి దగ్గర తిన్నాం. చుట్టూ మెడలో ఆఫీసు కార్డులు వేలాడేసుకున్న కుర్రాళ్లు, ఒక చేత్తో ప్లేటు, ఇంకో చేత్తో ఫోను. మా తెనాలిలో ఇడ్లీ మీద కారప్పొడి, నెయ్యి వేసి నిదానంగా పెడతారు. ఇక్కడ పల్లీ చట్నీలో ఇడ్లీలని ముంచేసి ఇచ్చారు. ధర విని రెండోసారి అడిగాను. కానీ ఆకలి మీద ఆ చట్నీ ఎంత బాగుందో, మా ఊరి మీద అభిమానం కాసేపు పక్కన పెట్టాను.

తింటూ తింటూ పిన్ని మామూలుగా అనేసింది. "మా చర్చి చిన్నదే కానీ చీకటిగా ఉంటుంది సునీ. పగలు కూడా లైట్లు వేస్తారు. భోజనాలు మాత్రం బయట, మిట్టమధ్యాహ్నం ఎండలో."

నా చేతిలో ఇడ్లీ ఆగిపోయింది.

ఎందుకో చెప్తాను. ఫిల్ము డబ్బా మీద ఒక అంకె ఉంటుంది. వంద, రెండొందలు, నాలుగొందలు, ఎనిమిదొందలు. అంకె పెరిగే కొద్దీ ఆ ఫిల్ముకి చీకట్లో చూపు పెరుగుతుంది. చిన్న అంకెకి బోలెడు వెలుతురు కావాలి, కానీ బొమ్మ నున్నగా వస్తుంది. పెద్ద అంకెకి కొంచెం వెలుతురు చాలు, కానీ బొమ్మలో సన్నటి ఇసుక చల్లినట్టు గరుకు కనిపిస్తుంది. ఒకసారి కెమెరాలో వేశామంటే ముప్పై ఆరు ఫోటోలు అయ్యేదాకా దానితోనే కాపురం. నేను తెచ్చుకున్నవి రెండూ వంద ఫిల్ములు. మందారాలకి అవి చాలు. చీకటి చర్చికి చాలవు.

"పరేషాన్ గాకు," అన్నారు దేవదానం గారు. "ఇది హైటెక్ సిటీ. ఇక్కడ దొరకంది ఏముంటది?"

గాజు మేడల మధ్య ఫిల్ము వేట

రాయదుర్గంలో సలీం భాయి నన్ను దించి, సాయంత్రం ఇక్కడికే వస్తానని వెళ్లిపోయాడు. మెట్రో ఆఖరి స్టేషను అది. నాలుగు వైపులా గాజు మేడలు. ఒక మేడలో ఇంకో మేడ, దానిలో ఆకాశం. మా ఊళ్లో ఎండొకటే పైనుంచి కొడుతుంది. ఇక్కడ పక్కలనుంచి కూడా కొట్టింది.

మొదట ఒక పెద్ద మాల్లోకి వెళ్లాను. చలికి చీర కొంగు కప్పుకుని, ఎలక్ట్రానిక్సు షాపులో చక్కగా యూనిఫాం వేసుకున్న అమ్మాయిని అడిగాను. "ఫిల్ములు ఉన్నాయా అమ్మా?"

"పై ఫ్లోర్ మేడమ్. ఎస్కలేటర్ ఎక్కి రైట్‌కి వెళ్తే టికెట్ కౌంటర్."

సినిమా హాల్లోంచి పాప్‌కార్న్ వాసన వచ్చేదాకా నాకు విషయం అర్థం కాలేదు. కిందికి దిగి, ఈసారి తెలివిగా "కెమెరాకి వేసే ఫిల్ము" అని అడగాలనుకున్నాను. ఫోన్ల సామాను అమ్మే చిన్న కౌంటరు కనిపించింది. అక్కడి కుర్రాడు నా మాట పూర్తవకుండానే, "ఉంది మేడమ్! కెమెరాకి వేరేగా వస్తుంది, బ్యాక్ సైడ్‌కి. మ్యాటా, గ్లాసీనా?" అని నా ఫోన్ అందుకుని, గీతలు పడకుండా అంటించే పలచటి అద్దం తీసేశాడు. వద్దు వద్దంటుండగానే దులిపి అంటించేశాడు కూడా. చూస్తే బాగానే ఉంది. డబ్బులిచ్చి వచ్చేశాను.

మూడోది రోడ్డు పక్కన కార్లకి హంగులు చేసే షాపు. బోర్డు మీద ఎర్రటి అక్షరాలతో "అన్ని రకముల ఫిల్ములు" అని ఉంటే ఆశపడి రోడ్డు దాటాను. లోపలున్న పెద్దాయన గొంతు తగ్గించారు. "నల్లదా అమ్మా? నల్లది వెయ్యం. పోలీసోళ్లు పట్టుకుంటరు. లైట్‌ది వేస్త. బండి ఏది?"

"బండి లేదండి. ఇది ఉంది," అని కెమెరా చూపించాను.

ఆయన కెమెరానీ నన్నూ మార్చి మార్చి చూశారు. "దీనికి అద్దాలు గింతే ఉన్నయి గద," అన్నారు జాలిగా. ఆయన పెట్టించిన టీ తాగాను. అల్లం టీ. అంత మంచి టీ ఆ మాల్లో ఎక్కడా లేదు, దీని ధర అక్కడి దానిలో పదో వంతు కూడా కాదు.

ఇక ఆశ వదులుకుని మెట్రో స్టేషను మెట్ల మీద కూర్చున్నాను. నవ్వు ఆగడం లేదు, భయమూ ఆగడం లేదు. ఎల్లుండే పెళ్లి. అప్పుడు పక్కన కూర్చుని మొక్కజొన్న కంకి తింటున్న ఒక అమ్మాయి నా ఒళ్లోకి చూసి, "అయ్యో, ఇది ఫిల్మ్ కెమెరా కదా ఆంటీ! మా టీమ్‌లో ఫణి అని ఒకాయనకి ఇదే పిచ్చి. ఆయన ఫ్రిజ్ నిండా ఫిల్ములే అట," అంది. అక్కడే ఆయనకి ఫోన్ చేసి నా చేతిలో పెట్టింది.

"ఎక్కడున్నారండి మీరు?" అన్నాడు ఫణి.

"ప్రస్తుతం రాయదుర్గంలో. మా పిన్ని ఇల్లు గోపన్‌పల్లి," అని అపార్టుమెంటు పేరు చెప్పాను.

"ఏ బ్లాకండి?"

"బి."

"మాది సి. మీ బాల్కనీలో జాంపండు రంగు చీర ఆరేసింది మీ పిన్నిగారేనా అండి?"

గోపన్‌పల్లిలో ఒక ఫ్రిజ్

ఫణిది భీమవరం. పగలు ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే ఉద్యోగం. భార్య లత బడిలో టీచరు. ఆ సాయంత్రం పిన్నినీ వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఫణి ఫ్రిజ్ తలుపు తీశాడు. పై అరలో ఆవకాయ, గోంగూర సీసాలు, పాలు. కింది అరలో కూరగాయలు ఉండాల్సిన చోట ఫిల్ము డబ్బాలు.

"కూరలు ఏ రోజువి ఆ రోజే తెచ్చుకుంటామండి మేము," అంది లత. "ఆరోగ్యం కోసం అనుకుంటారు అందరూ."

ఫణి డైనింగు టేబుల్ మీద పెళ్లిచూపులకి కూర్చోబెట్టినట్టు ఫిల్ములని వరసగా పెట్టాడు. ఒక్కోదాన్నీ ఎత్తి చూపిస్తుంటే ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఇది వంద. స్లైడు ఫిల్మండి. రంగులు చూశారంటే కన్నీళ్లొస్తాయి. కాకపోతే వెలుతురు లెక్క వీసమెత్తు తప్పినా క్షమించదు. ఇది ఎనిమిదొందలు. మీ చీకటి చర్చికి ఇదే తీసుకోండి, నా మాట వినండి. ఇది నలుపూ తెలుపూ, నాలుగొందలు."

"నలుపూ తెలుపే బాగుంటుందండి," అంది లత. "పెళ్లి ఫోటోకి ఆ అందమే వేరు."

అంతవరకూ సోఫాలో కూర్చుని పకోడీ తింటున్న పిన్ని లేచి వచ్చింది. "అమ్మాయ్, మావాళ్లలో పెళ్లికి తెల్లచీర కడతారు. నేను జాంపండు రంగు కొన్నాను. ఎందుకో తెలుసా? ముప్పై ఏళ్లు తెల్ల యూనిఫామే వేసుకున్నాను. పెళ్లికి కూడా అదేనా అని! ఆ చీరని ఇప్పుడు బూడిద రంగులో చూసుకోనా?"

నలుపూ తెలుపూ డబ్బా మారుమాట్లాడకుండా ఫ్రిజ్‌లోకి వెళ్లిపోయింది. క్షమించని స్లైడు ఫిల్ముకి నేనే దణ్ణం పెట్టాను. అప్పుడు టేబుల్ మీద మిగిలింది ఎనిమిదొందలు ఒకటి. దాని వెనక ఇంకో డబ్బా ఉంది, ఫణి దాన్ని గురించి ఏమీ చెప్పలేదు.

"అదేమిటండి?"

"అదా? మామూలు రంగుల నాలుగొందలండి. అన్నిటికీ పనికొస్తుంది," అన్నాడు ఫణి నీరసంగా. "దానికంటూ ప్రత్యేకత ఏమీ లేదు. ఒక్కటే మిగిలింది."

డబ్బా తీసి వాసన చూశాను. గోంగూర.

"వాసన ఫోటోల్లోకి రాదండి. దానికి నాది పూచీ," అన్నాడు.

ఎనిమిదొందలా, నాలుగొందలా? ఆ రాత్రి పిన్ని నాకు దొండకాయ వేపుడు వడ్డిస్తూ ఏదో అడిగితే "నాలుగొందలు" అన్నానట. ఎన్ని దొండకాయలు వేయమంటావని అడిగిందట ఆమె.

నానక్‌రామ్‌గూడలో రిహార్సలు

మర్నాడు ఖాళీ కెమెరాతో చర్చికి వెళ్లాను. ఫిల్ము లేకపోయినా నా కెమెరాలో వెలుతురు కొలిచే సూది పనిచేస్తుంది. పెళ్లికూతురు చేతులకి గోరింటాకు పెట్టుకుని కదలనంది కాబట్టి దేవదానం గారు తోడొచ్చారు. పాత నానక్‌రామ్‌గూడ ఊరు అక్కడక్కడా ఇంకా మిగిలే ఉంది. సందులో మేకలు, అరుగు మీద కూరగాయలు ఏరుకునే ఆడవాళ్లు, తలెత్తితే మబ్బులని తాకే మేడలు. చర్చి ఆ సందు చివర ఉంది. పెంకులు తీసేసి రేకులేశారు, కిటికీలు చిన్నవి. లోపలికి వెళ్తే కళ్లకి ఏమీ కనబడలేదు.

"మాస్టారూ, మీరు పెళ్లికొడుకు నిలబడే చోట నిలబడండి."

నిలబడ్డారు. సూది చూశాను.

"ఇప్పుడు పెళ్లికూతురు చోట."

ఆయన పక్కకి జరిగి, తల వంచి, చేతులు ముందుకి కట్టుకుని సిగ్గుపడ్డారు. ట్యూబులైట్లు వేయడానికి వచ్చిన పాస్టరు గారు ద్వారం దగ్గరే ఆగిపోయారు.

"రిహార్సల్ అయ్యా," అన్నారు దేవదానం గారు, కదలకుండా. "బిడ్డ చెప్పేదాంక నేను సలోమినే."

ట్యూబులైట్లు వెలిగాక వంద దగ్గర పెట్టి చూశాను. మనుషులు ఊపిరి తీసినా చెదిరిపోయేటంత నిదానంగా తీయాలంది సూది. నాలుగొందలకి తిప్పాను. ముప్పయ్యో వంతు సెకను. చేయి వణక్కుండా, స్తంభానికి ఆనుకుని, ఊపిరి బిగబట్టి తీస్తే ఫోటో నిలుస్తుంది. బయటికి పరుగెత్తాను. భోజనాలు పెట్టే ఖాళీ స్థలంలో ఎండ పేలిపోతోంది. అక్కడ నాలుగొందలతో చూస్తే సూది చిట్టచివరికి వెళ్లి, అంచు దాటకుండా ఆగింది. ఎనిమిదొందలైతే అంచు దాటేదే. అసలు నా కెమెరా చక్రం మీద నాలుగొందలకి పైన అంకే లేదు.

నేను ఆ ఎండలో నిలబడి గంతేశాను. ప్రత్యేకత ఏమీ లేదన్న ఆ ఫిల్ముకి చీకటి చర్చి ఒక చివర, మండే ఎండ ఇంకో చివర సరిగ్గా కుదిరాయి. మధ్యలో ఉన్నదంతా మాదే.

"ఏమైంది బిడ్డా? లెక్క కుదిరిందా?" అన్నారు దేవదానం గారు.

"కుదిరింది మాస్టారూ!"

"కుదిరితే ఇరానీ చాయ్ తాగుదాం పా." ఉస్మానియా బిస్కట్లు తింటూ ఆయనే చెప్పారు. "నాకు పెండ్లంటే భయమైంది బిడ్డా. ఈ వయసుల నవ్వుతరని. ఒకదినం ఆటోల మీ పిన్ని నా కాలికి కట్టు జూసి, గిట్లనా కట్టేది అని అక్కడనే ఇప్పి మళ్ల కట్టింది. ఆటో నిండా జనం. అందరు నవ్విన్రు. ఆమెకు ఫికరే లేదు. గప్పుడే అనుకున్న, ఈమెతోటి ఉంటే నాకు గుడ ఫికర్ ఉండదని."

సాయంత్రం ఫణి ఇంట్లో నాలుగొందల ఫిల్ము కెమెరాలో వేశాను. మూత మూసేశాను.

పెళ్లి

శనివారం పొద్దున సలీం భాయి ఆటోని బంతిపూలతో ముంచెత్తి తెచ్చాడు. అద్దం తుడిచే కడ్డీలకి కూడా మల్లెమొగ్గలు. పిన్ని జాంపండు రంగు చీరలో దిగుతుంటే సందులో అరుగు మీది ఆడవాళ్లు కూరగాయలు వదిలేసి వచ్చి నిలబడ్డారు. అది తీశాను.

చర్చి గుమ్మంలో లత ఒక పెద్ద హాట్‌బాక్సు పట్టుకుని నిలబడింది. పిన్ని ఆమెనీ ఫణినీ వాళ్లింట్లో పకోడీ తిన్న రోజే పెళ్లికి పిలిచేసింది, పని కూడా అప్పజెప్పేసింది. వచ్చిన వాళ్లందరి ఫోన్లూ అందులోకే. పిన్నితో పనిచేసే నర్సులు, మాస్టారి పాత శిష్యులు, సలీం భాయి కుటుంబం. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టగానే హాట్‌బాక్సులోంచి ఎవరి ఫోనో మోగింది. మూత తీస్తే ఎవరిదో తెలియదు, తీయకపోతే ఆగదు. ప్రార్థన కొంచెం త్వరగా ముగిసింది.

సరిగ్గా ప్రమాణాలు మొదలయ్యే ముందు కరెంటు పోయింది.

ట్యూబులైట్లు ఆరిపోయాయి, ఫ్యాన్లు ఆగిపోయాయి. సూది చూస్తే పూర్తిగా పడిపోయింది. నాలుగొందలు కాదు, ఎనిమిదొందలు ఉన్నా ఏమీ చేయలేను. నాకు ఏడుపొచ్చినంత పనైంది. పిన్ని తల తిప్పి నా వైపు చూసింది. కళ్లతోనే "ఏం ఫరవాలేదులే" అంది. ఆ మాటకి ఏడుపు ఇంకా ఎక్కువైంది.

"గాలి ఆడటం లేదు, తలుపులు తెరవండి," అన్నారు పాస్టరు గారు.

సలీం భాయి లేచి వెళ్లి పక్క తలుపు రెండు రెక్కలూ బార్లా తీశాడు. ఆ వైపు రోడ్డవతల గాజు మేడ ఉంది. దాని మీద పడ్డ ఎండ తిరిగి తలుపులోంచి లోపలికి వచ్చి, బెంచీల మీదుగా పాకి, పెళ్లికూతురి చీర మీద పడింది. జాంపండు రంగు భగ్గుమంది. ఆ రంగు మాస్టారి తెల్ల చొక్కా మీద కూడా గులాబీగా పరుచుకుంది. నర్సులందరూ ఒకేసారి "హమ్మో" అన్నారు. సూది లేచింది. స్తంభానికి ఆనుకున్నాను. ఊపిరి బిగబట్టాను. పిన్ని మాస్టారి వేలికి తొడుగుతున్న ఉంగరం మధ్యలో ఇరుక్కుపోతే, "సబ్బు పెట్టాల్సింది" అని గొణిగింది. మాస్టారు నవ్వారు. అదే క్షణంలో నొక్కాను.

భోజనాల దగ్గర రెండు జిల్లాల యుద్ధం జరిగింది. "బగార అన్నం, మటన్ లేకుంటే దావత్ ఎట్లయితది" అని మాస్టారి వైపు వాళ్లు. గోంగూర లేని పెళ్లి భోజనమేమిటని మేము. చివరికి రెండూ పెట్టారు. బగారా అన్నంలో గోంగూర మటన్ కలుపుకుని తిన్నవాళ్లే గెలిచారు. ఎండలో అవన్నీ తీశాను. సలీం భాయి కూతురు పెళ్లికూతురికి ఐస్‌క్రీము తినిపించడం, మాస్టారి శిష్యులు ఆయన్ని కుర్చీతో సహా ఎత్తడం.

అప్పుడు కెమెరా మీద లెక్క చూశాను. ముప్పై ఆరు. ఫిల్ము అయిపోయి మీట బిగుసుకోవాలి. బిగుసుకోలేదు. ఇంకోటి తీశాను. మళ్లీ తిరిగింది. ముప్పై ఎనిమిదోదీ తీశాను, అప్పటికీ బిగుసుకోలేదు.

పక్కన తింటున్న ఫణి నమలడం ఆపేశాడు. "ముప్పై ఎనిమిదా? ఫిల్ము లోపల పట్టుకుందో లేదో చూశారా అండి? తిప్పేటప్పుడు ఎడమ పక్క బొడిపె తిరిగిందా?"

నేను ఆ బొడిపె వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నా కళ్లు పెళ్లి మీదే ఉన్నాయి. ఫిల్ము పళ్ల చక్రానికి తగులుకోకపోతే మీట తిరుగుతూనే ఉంటుంది, నొక్కితే చప్పుడూ వస్తుంది, బొమ్మ మాత్రం ఒక్కటీ పడదు. ఇక తీయకుండా ఫిల్ము వెనక్కి చుట్టేశాను. లోపల బిగుతుగా వస్తోందో ఖాళీగా తిరుగుతోందో నా వేళ్లకి తెలియలేదు. పిన్ని వచ్చి "ఎలా వచ్చాయే?" అంటే "బ్రహ్మాండంగా" అన్నాను. ఫణి బగారా అన్నం గొంతుకడ్డం పడి దగ్గాడు.

సి బ్లాకు బాత్రూములో

ఆదివారం ఆరాధన అయ్యాక ఫణి తన ల్యాబు తెరిచాడు. ల్యాబంటే గెస్టు బాత్రూము. బకెట్లో వేణ్నీళ్లు, అందులో మందు సీసాలు, ఒక థర్మామీటరు. "మా అత్తగారు వస్తే హోటల్లో దిగుతానంటున్నారు," అంది లత. తలుపు బయట ప్లాస్టిక్ కుర్చీలో నేను. కొత్త దంపతులు సోఫాలో కూర్చుని జంతికలు తింటున్నారు, వాళ్లకి సంగతి తెలియదు. లోపల డబ్బా అటూ ఇటూ ఊపుతున్న చప్పుడు. తర్వాత నీళ్ల చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు.

"ఫణి గారూ?"

నేను లేచి నిలబడ్డాను.

తలుపు తెరుచుకుంది. ఫణి రెండు చేతులూ పైకెత్తి పొడవాటి తడి ఫిల్ము పట్టుకుని ఉన్నాడు. నారింజ రంగు పట్టీ. దాని నిండా, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా, చిన్న చిన్న మనుషులు.

"ముప్పై ఎనిమిదీ ఉన్నాయండి! కొన్ని చుట్టల్లో ఒకటో రెండో కొసరు వస్తాయి!"

నేను లతని కావలించుకుని ఏడ్చేశాను. అప్పుడు తెలిసింది పిన్నికి. "అంటే రాకపోయి ఉండవచ్చన్నమాట!" అని నా వీపు మీద ఒక్కటిచ్చి, ఆరిన ఫిల్ముని అంచులతో పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. అందరికంటే ముందు ఆమే చూసింది. చాలాసేపు చూసింది.

"సునీ, ఇదేమిటే, నా జుట్టంతా తెల్లగా ఉంది?"

మొన్న పెళ్లి కోసమే నల్లరంగు వేయించుకుంది పాపం. ఫిల్ము మీద అన్నీ తలకిందులుగా కదా, నల్లది తెల్లగా, తెల్లది నల్లగా. మాస్టారు వంగి చూశారు. ఆయన నెరిసిన తల అందులో కాటుక నలుపు.

"ఇగో, నేను పెండ్లికొడుకు లెక్కనే ఉన్న," అన్నారాయన మురిసిపోతూ. "పక్కన మా నాయనమ్మ ఎవరు?"

పిన్ని చేతిలోని ఫిల్ముతో ఆయన్ని కొట్టబోయి, ఫణి కెవ్వుమంటే ఆగింది.

తర్వాత ఫణి వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి అసలు రంగుల్లో చూపించాడు. మొదటి రెండింటిలో నా బొటనవేలు. భోజనాల్లో నీడలు కొంచెం గట్టిగా ఉన్నాయి, ఒకటి రెండు చెదిరాయి. చర్చి ఫోటోలో గరుకు కనిపిస్తోంది, నిజమే. ఆ గరుకులోంచే జాంపండు రంగు, గులాబీ చొక్కా, వేలికి ఇరుక్కున్న ఉంగరం, ఇద్దరి నవ్వు.

"కొంచెం గరుగ్గా వచ్చింది పిన్నీ."

"మేమూ అలాగే ఉన్నాంలే," అంది తెర మీంచి కళ్లు తిప్పకుండా. ఆసుపత్రి గుర్తింపు కార్డుల కోసం తప్ప ఇన్నేళ్లలో ఎవరూ తనని ఫోటో తీయలేదనీ, వాటిలో నవ్వకూడదనీ అప్పుడు చెప్పింది.

సాయంత్రం రైలుకి నన్ను లింగంపల్లిలో దింపడానికి అందరూ వచ్చారు. పెట్టె కింద పెట్టగానే పిన్ని చెయ్యి చాపింది. "కెమెరా ఇచ్చి వెళ్లు. వచ్చే వారం మేం సూర్యలంక వెళ్తున్నాం. ఈయన పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదట."

ఇచ్చేశాను. దూరం ఎలా తిప్పుకోవాలో, బొడిపె ఎలా చూసుకోవాలో ప్లాట్‌ఫారం మీదే పాఠం చెప్పాను. ఫణి ఊరుకోలేకపోయాడు. "సముద్రం దగ్గర వెలుతురు ఎక్కువండి. వంద ఫిల్ము ఇస్తాను, నీలం రంగు అద్భుతంగా వస్తుంది."

"వద్దు నాయనా, నాలుగొందలదే వెతికి పెట్టు," అంది పిన్ని. "ఎండలో సముద్రానికైనా, చీకట్లో హోటల్ గదికైనా అదొక్కటే చాలని చెప్పింది మా సునీత."

దేవదానం గారు గబుక్కున తల తిప్పి, రైళ్ల వేళల బోర్డుని మహా శ్రద్ధగా చదవడం మొదలుపెట్టారు.